సత్తు పళ్లెం

తూకానికే కొన్నాను.
కిలో నూట అరవై, పాత సీసం రేటు.
కసాపురం రోడ్డులో బుడాన్ సాబ్ గుజిరీ అంగడి,
ఆటో రేడియేటర్ల కింద బోర్లా పడుంది.
"సిల్వర్‌దిలేప్పా, వంగిపోయింది" అన్నాడు.

సిల్వర్ కాదు.
అంచుతో కాగితం మీద గీశాను,
పెన్సిల్ గీతలా బూడిదరంగు పడింది.
చెవి దగ్గర పెట్టుకుని కొంచెం వంచాను.
మూలిగింది.
తగరం పాలు ఎక్కువుంటేనే ఆ మూలుగు.

ఇరవై ఆరేళ్లు గుంతకల్లు లోకోషెడ్డులో
ఇంజన్ ఇరుసుల బేరింగులకు తెల్లలోహం పోసినవాణ్ణి.
గరిటెలో కరిగినాక అది
చూసేవాడి ముఖం చూపిస్తుంది ఒక్క క్షణం,
తర్వాత పొర కడుతుంది.
ఆవిరి ఇంజన్లు పోయాయి, పనీ పోయింది.
చేతికి మాత్రం ఆ బరువు గుర్తుంది.

కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే
పళ్లెం నడుమ కూర్చుని ఒక ఆడమనిషి.
ఒక చేతిలో కూజా, ఇంకో చేతిలో గిన్నె.
పోస్తూనే ఉంది.
కూజా అయిపోదు, గిన్నె నిండదు.
అంచు పొడుగునా ద్రాక్షతీగలు,
రెక్కలు మొలిచిన పిల్లకాయల తలలు,
ఆమె చుట్టూ నేల, నీరు, నిప్పు, గాలి
మనుషుల్లాగే ఒత్తిగిలి పడుకుని ఉన్నారు.
ఏ దేశపు పాత రాజుల నాటి బాణీయో,
వెండి కొనలేనోళ్ల కోసం సత్తులో పోశారట.
భూతాలు నాలుగే.
ఐదోది, ఆకాశం,
మా గుంతకల్లుకు వదిలేసినట్టున్నారు.

దాంతో పట్టుకుంది పిచ్చి.
రైల్వే కాలనీ డెల్ఫీన్ రోజారియో దొరసాని
పెర్త్ పోతూ సామాన్లు అమ్మేసిన రోజు
మూత చెంబొకటి, మూత మీద తోక తెగిన సింహం.
గుత్తిలో కంసాలి కాశాచారి దగ్గర ఉప్పుగిన్నె.
ఆదోని వేలంలో జత అని అంటగట్టిన
రెండు వేర్వేరు కొవ్వొత్తి కంబాలు.
మొత్తం పద్దెనిమిది, బీరువా కింది అరలో.

"పద్దెనిమిది! ఒక్కదాంట్లో పులుసు కాయను పనికిరాదు"
ఇది సుంకులమ్మ లెక్క.
పులుపు తగిలితే సీసం దిగుతుందని చెప్పింది నేనే.
అయినా ఒకసారి చింతపండు, బూడిద పెట్టి
ఇత్తడి తోమినట్టు తోమి పెట్టింది.
గాలికి ముక్కు పోయింది.
మూడు రోజులు నేను మాట్లాడలేదు.
నాలుగో రోజు నుంచి ఆమె మాట్లాడలేదు.

మొన్న బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చాడు,
పాత వస్తువులు కొనేవాడు, జేబులో భూతద్దం.
పళ్లెం వెనక్కి తిప్పాడు, గోటితో గీరాడు.
"నాలుగొందల ఏళ్లది కాదండీ,
నూరేళ్లు, మహా అయితే నూటిరవై.
పాతదాన్ని చూసి అచ్చులో పోసిన నకలు."

సత్తు రూపాయి అనే మాట ఊరికే పుట్టలేదు,
సంతలో మోసపోయి వచ్చిన నాడు మా నాయన అనేవాడు.
నాకు నవ్వొచ్చింది.
వెండికి నకలు సత్తు,
ఆ సత్తుకు ఇది నకలు,
దానికి నేనొకణ్ణి, కిలో లెక్కన.

భూతద్దం కూజా దగ్గర ఆగింది.
"ఇక్కడ చిల్లి పడితే ఎవరో పూడ్చారు.
అతుకు కనపడటం లేదు చూడండి.
ఈ చెయ్యి మాత్రం పాతకాలందే."
షెడ్డు మూసిన రోజు
టిఫిన్ క్యారియర్ కింది గిన్నెలో తెచ్చుకున్న
పిడికెడు తెల్లలోహం.
దొంగతనమే.
సుంకులమ్మ నా వైపు చూసింది.
నేను ఫ్యాను వైపు చూశాను.

కాఫీ తాగి పోయాడు, ధర చెప్పకుండానే.
అంతలో వీధి మలుపులో ట్యాంకరు హారన్,
ఎనిమిదో రోజుకు.
బిందెలు, బకెట్లు, పైపు కోసం పోట్లాట.
నిండిన మొదటి బిందెకు మూత కనపడక
సుంకులమ్మ పళ్లెం తీసి బోర్లించింది.
లోపల చీకట్లో, నీళ్ల మీదికి తలకిందులుగా
ఆ ఆడమనిషి పోస్తూనే ఉండుంటుంది.

"సీసం, సీసం" అన్నాను.
"నీళ్లకేం పులుపు లేదులే.
రా, ఇంకో బిందె పట్టు."